గ్రీకు ధ్వన్యనుకరణ పదాలు ఎక్కణ్ణుంచి పుట్టాయి?

ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాలు ఇలియడ్, ఒడిస్సీ చదువుతుంటే అలల హోరు, వింటినారి మోత, కవచాల గణగణ పదాల్లోనే వినిపిస్తాయని మీరు రాశారు. ఇవి కవులు చెవితో విని అప్పటికప్పుడు చేసుకున్నవా, సంస్కృతానికీ గ్రీకుకీ ఉమ్మడిదైన మూలభాష నుంచి వచ్చినవా, లేక గ్రీకులకన్నా ముందు ఆ నేలమీద ఉన్నవాళ్ల దగ్గర తీసుకున్నవా అన్నది మీ ప్రశ్న. మూడు రకాలూ ఉన్నాయి. అయితే ఒక పదం వినడానికి శబ్దంలా ఉందన్నది దాని పుట్టుకకు సాక్ష్యం కాదు. అలా వినిపించేవాటిలో కొన్ని అసలు అనుకరణలే కావు. అనుకరణగా పుట్టినవి కొన్ని ఇవాళ అలా వినిపించవు. అందుకే పదాన్ని ఒక్కొక్కటిగా పట్టుకుని పరీక్షించాలి.

ముందు ఒక మంచి మాట. గ్రీకు పదాలు రాసుకోవడానికి తెలుగు లిపి చాలా బాగా పనికొస్తుంది. ప్రాచీన గ్రీకులో ఎ-ఏ, ఒ-ఓ తేడా మనలాగే ఉంది, దేనికి దానికి వేరే అక్షరం ఉంది. దేవనాగరిలో హ్రస్వ ఎ, ఒ మామూలుగా లేవు, రోమన్ లిపిలో ఈ తేడా చూపడానికి పైన గీతలు పెట్టుకోవాలి. అలాగే ఫ, థ, ఖ అనే మహాప్రాణాలు వాళ్లకూ ఉండేవి. కాబట్టి కింద ఇచ్చిన పదాలను తెలుగులో రాసినట్టే పైకి చదవండి. ఒక్క జీటా అక్షరాన్ని మాత్రం 'జ్ద' అని రాస్తున్నాను, ప్రాచీన కాలంలో అలా పలికేవారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

కప్పలతో మొదలుపెడదాం. క్రీ.పూ. 405లో ఏథెన్స్‌లో ప్రదర్శించిన అరిస్టోఫెనీస్ నాటకం 'కప్పలు'లో డయొనైసస్ దేవుడు పాతాళంలోని మడుగు మీద పడవ తెడ్డు వేస్తుంటే కప్పల బృందం అందుకుంటుంది: "బ్రెకెకెకెక్స్ కొఆక్స్ కొఆక్స్." ఇందులో రెండు ముక్కలున్నాయి. ముందు గబగబా వచ్చే గరగర, తర్వాత సాగదీసిన ఒక్క అరుపు. వినికిడి వరకు ఇది మంచి పరిశీలనే. కానీ చివర చూడండి, 'క్స్'. ఏ కప్పా 'క్స్' అని ముగించదు. ఆ 'ఆక్స్' గ్రీకు భాష అలవాటు. ఇదే కవి నాటకాల్లో మనుషులు ఆశ్చర్యపోతే 'పపాఇఆక్స్', 'బొంబాక్స్' అంటారు. 'మేఘాలు' నాటకంలో ఉరుముకీ కడుపులో గడబిడకీ పోలిక చెబుతూ ఒక పాత్ర 'పప్పాక్స్, పపపప్పాక్స్' అంటాడు. 'కొరాక్స్' అంటే కాకి జాతి పక్షి, 'హీఎరాక్స్' అంటే డేగ, 'స్కులాక్స్' అంటే కుక్కపిల్ల. జంతువుల పేర్లకూ అరుపులకూ ఇలా అలవాటైన ముగింపు భాషలో సిద్ధంగా ఉంది. కప్ప గొంతులోంచి వచ్చిన శబ్దాన్ని కవి దానిలో పోశాడు.

అదే కవి 'పక్షులు' (క్రీ.పూ. 414) ఇంకా గొప్పది. తలమీద జుట్టున్న పిట్టగా మారిన రాజు తన తోటి పిట్టల్ని పిలుస్తూ "ఎపొపొపొఇ పొపొపొపొపొపొఇ, ఇఓ ఇఓ, ఇతో ఇతో ఇతో ఇతో" అంటాడు. చదివేవాడికి ఇదంతా కూతే అనిపిస్తుంది. ఆ వెంటనే వచ్చే వాక్యం "ఇతో తిస్ హోదె". అంటే 'రావాలి ఎవరైనా ఇటు' అని అర్థం. 'ఇతో' గ్రీకులో మామూలు క్రియారూపమే. కూత ఎక్కడ ఆగిందో, మాట ఎక్కడ మొదలైందో గీత గీయలేం. కొంచెం ముందుకు వెళితే పిట్టలు వచ్చి "పొపొపొపొపొపూ" అంటాయి, చివరి 'పూ' అంటే 'ఎక్కడ'. మళ్లీ "తితితితితితిన లొగొన్" అంటాయి, 'తిన లొగొన్' అంటే 'ఏ మాట' అని. ఇంత నేర్పుగా అనుకరణని వ్యాకరణంలోకి జార్చిన కవిని నేను మరొకరిని చూడలేదు. మీ ప్రశ్నలో 'కవులు చేసుకున్నవా' అన్న భాగానికి ఇదే బలమైన ఉదాహరణ. అయితే ఇలాంటివి నాటకంలో పుట్టి నాటకంలోనే ఉండిపోయాయి, జనం నోళ్లలోకి పదాలుగా వెళ్లలేదు.

జనం నోట్లో నిలిచినవి వేరే దారిలో వచ్చాయి. తెలుగులో మనం గలగల, పటపట, కిచకిచ లాంటి వాటిని ఎక్కువగా విడిగా ఉంచి 'మని' చేర్చి వాడతాం: గలగలమని పారింది, దబ్బుమని పడింది. గ్రీకు ఆ పని చాలా తక్కువ చేస్తుంది. శబ్దం చేతికి దొరకగానే దానికి క్రియాప్రత్యయం తగిలించి, కాలాలూ పురుషలూ అన్నీ నడిపిస్తుంది. దీనికి వాళ్ల ముఖ్యమైన పనిముట్టు '-జ్దో' అనే ముగింపు. 'అఇఅఇ' అంటూ ఏడిస్తే 'అఇఆజ్దో'. 'ఒఇమొఇ' అని మొత్తుకుంటే 'ఒఇమోజ్దో'. యుద్ధంలో 'అలలా' అని కేకవేస్తే 'అలలాజ్దో'. బలి పశువు మీద దెబ్బ పడిన క్షణంలో ఆడవాళ్లు పెట్టే కూత 'ఒలొలూజ్దో'. పంది గుర్రుమంటే 'గ్రూజ్దో', గబ్బిలం కీచుమంటే 'త్రీజ్దో', కాకి అరిస్తే 'క్రాజ్దో'.

ఈ పనిముట్టు ఎంత చురుగ్గా ఉండేదో ఎస్కిలస్ నాటకం 'అగమెమ్నోన్'లో ఒక్క చోట కళ్లకు కడుతుంది. ట్రాయ్ రాజకుమార్తె కసాండ్రా తన చావు ఉన్న ఇంటి గుమ్మం దగ్గర నిలబడి "ఫెఉ ఫెఉ" అంటుంది. బృందం వెంటనే "తి తూత్ ఎఫెఉక్సాస్" అని అడుగుతుంది, 'ఎందుకలా ఫెఉ అన్నావు' అని. ఆమె నోట్లోంచి నిట్టూర్పు వచ్చి పూర్తికాకముందే దానికి భూతకాలం, మధ్యమ పురుష వచ్చేశాయి. అనుకరణ పదం పుట్టుక ఎలా ఉంటుందో ఇంతకన్నా దగ్గరగా చూపించే చోటు నాకు తెలియదు.

మరో విశేషం ఉంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకు మాత్రం చాలా ఇష్టమైన సంగతి. అరుపుల క్రియలు హోమర్ దగ్గర తరచు పర్ఫెక్ట్ రూపంలో, అంటే పని పూర్తయి దాని ఫలితం నిలిచి ఉందని చెప్పే రూపంలో వస్తాయి, కానీ అర్థం మాత్రం 'ఇప్పుడు అరుస్తోంది' అనే. ఆ రూపానికి ధాతువు మొదటి హల్లు రెండుసార్లు వస్తుంది: 'కెక్లేగోస్' అంటే గట్టిగా అరుస్తున్నవాడు, 'తెత్రీగుఇఅ' అంటే కీచుమంటున్నది. ఇలియడ్ 23వ సర్గలో అకిలీస్ చేతులు చాస్తే స్నేహితుడు పాట్రొక్లస్ ఆత్మ అందకుండా పొగలా భూమిలోకి పోతుంది, 'తెత్రీగుఇఅ' అంటూ. ఇలియడ్ 4వ సర్గలో ట్రాయ్ సేన కలకలాన్ని, పాలు పితికే వేళ పిల్లల అరుపు విని ఆగకుండా అరిచే గొర్రెలతో పోలుస్తాడు. అక్కడ పదం 'మెమకుఇఅఇ'. మనం కిచకిచ, మేమే అని రెండుసార్లు అన్నట్టే, గ్రీకు వ్యాకరణంలో అప్పటికే ఉన్న ద్విరుక్తి రూపం ఈ అరుపులకు చక్కగా అతికింది. శబ్దం చెవినుంచి వచ్చింది, రెట్టింపు మాత్రం వ్యాకరణం నుంచి వచ్చింది.

ఇక పుట్టుక పరీక్షలు. మొదటిది 'స'. మూలభాషలో పదం మొదట అచ్చుకి ముందున్న 'స' గ్రీకులో 'హ' అయింది. మన సప్త అక్కడ 'హెప్త', మన సర్పానికి చుట్టం అక్కడ పాకే జంతువుకి పేరైన 'హెర్పెతొన్'. ఇప్పుడు ఒడిస్సీ 9వ సర్గకి రండి. ఒడిస్యూస్ కాల్చిన ఆలివ్ కర్రని ఒంటికన్ను రాక్షసుడి కంట్లో తిప్పుతాడు. కమ్మరి ఎర్రగా కాలిన గొడ్డలిని చన్నీళ్లలో ముంచితే ఎలా చుయ్‌మంటుందో, కన్ను అలా 'సిజ్ద్' అంది అంటాడు కవి. క్రియ 'సిజ్దో'. ఇది మూలభాష నుంచి పాత పదంగా వచ్చి ఉంటే నియమం ప్రకారం 'హిజ్దో' అయిపోవాలి. 'త్య', 'త్వ' లాంటి జంటలు కలిసి 'స' అయిన పదాలు కొన్ని ఉన్నాయి కానీ, ఇది ఆ దారిలో వచ్చిందనడానికి ఆధారం లేదు. కాబట్టి 'స' నుంచి 'హ' మార్పు ముగిశాక చెవితో విని చేసుకున్నదై ఉండాలి, లేదా పాతదే అయినా చుయ్ అనే శబ్దం పోకుండా జనం మళ్లీ మళ్లీ సరిచేసుకున్నదై ఉండాలి. రెండింట్లో ఏదైనా గెలిచింది చెవే. తర్వాతి కాలంలో శైలి గురించి రాసిన గ్రీకు విమర్శకుడు డిమీట్రియస్ కూడా 'చేసిన పదాల'కి ఉదాహరణగా దీన్నే ఇచ్చాడు.

రెండో పరీక్ష 'బ'. మూలభాషలో ఈ హల్లు చాలా అరుదు. గ్రీకులో పదం మొదట కనబడే 'బ'లు ఎక్కువగా వేరే హల్లులు మారగా వచ్చినవి. అలా రాని 'బొంబొస్' (తుమ్మెద రొద లాంటి మోత), 'బంబఇనో' (పళ్లు టకటకలాడేలా వణకడం), 'బార్బరొస్' లాంటివి అనుకరణ పదాలని చెప్పడానికి ఇది బలం. ఇదే పరీక్ష తప్పుడు అనుకరణల్ని కూడా పట్టిస్తుంది. గ్రీకులో ఆవుని, ఎద్దుని 'బూస్' అంటారు. ఇది వినగానే ఆవు అరుపు నుంచి వచ్చిందని నమ్మేవాళ్లు చాలామంది. కానీ అది సంస్కృత 'గౌః'కి తోబుట్టువు, మన 'గోవు' కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. పెదవులు గుండ్రం చేసి పలికే పాత 'గ్వ' గ్రీకులో ఇలాంటి చోట 'బ' అయింది. గమ్ ధాతువుకి చుట్టమైన 'బఇనో' (నడుస్తాను) కూడా అలాగే మారింది. కాబట్టి ఆ 'బ' ఆవు ఇచ్చింది కాదు. ఆవు అరుపుకి గ్రీకులో అసలు పదం 'మూకఒమఇ', అందులో 'మూ' ఉంది.

మూడోది పాత రూపాల జాడ. యోధుడు పడినప్పుడు హోమర్ తరచు వాడే పంక్తి ఒకటుంది: "దూపేసెన్ దె పెసోన్, అరాబేసె దె తెఉఖె ఎప్ అఉతోఇ." దబ్బున పడ్డాడు, ఒంటిమీద కవచాలు గణగణలాడాయి. 'దూపొస్' అంటే దబ్బుమనే చప్పుడు. మన 'దబ్బు'కి ఎంత దగ్గరగా ఉందో చూడండి. కానీ అదే హోమర్ దగ్గర 'ఎగ్దూపేసన్' అనే రూపం ఉంది, జ్యూస్ దేవుడి బిరుదు 'ఎరిగ్దూపొస్' (పెద్ద ఉరుము గలవాడు). అంటే 'గ్దూప్' అనే రూపం కూడా ఉండేది, 'గ' పోయిన రూపమే తర్వాత ఎక్కువగా చలామణీ అయింది. కవి పాడేనాటికే ఆ పదానికి వయసు మళ్లింది. దాన్ని ఆ పూట విని కట్టలేదు.

వింటినారి పదమూ ఇంతే. ఇలియడ్ 4వ సర్గలో ట్రాయ్ పక్షపు విలుకాడు పాండరస్ గ్రీకు రాజు మెనెలావస్ మీద బాణం వేసినప్పుడు "లింక్సె బియొస్, నెఉరే దె మెగ్ ఈఅఖెన్, ఆల్తొ ద్ ఒఇస్తొస్" అంటాడు. విల్లు ఝుమ్మంది, నారి పెద్దగా మోగింది, బాణం దూకింది. 'లింక్సె' హోమర్ మొత్తంలో ఈ ఒక్క చోటే వస్తుంది కాబట్టి ఇది అక్కడికక్కడ పుట్టిందని చాలామంది రాస్తారు. నేను సగమే ఒప్పుకుంటాను. 'లిగూస్' (స్పష్టంగా, సన్నగా మోగేది) అన్న విశేషణం భాషలో అప్పటికే ఉంది. అంత దగ్గర మాట చేతిలో ఉండగా కవి దానికి మామూలు భూతకాలం తగిలించాడనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. కొత్తదనం ఆ క్రియారూపంలో ఉంది, శబ్దంలో కాదు.

మూలభాష నుంచి వచ్చాయనదగ్గవాటిలో 'మొర్మూరో' ముందు చెప్పాలి, నీరు సుళ్లు తిరుగుతూ చేసే రొద. లాటిన్‌లో 'ముర్మురో', సంస్కృతంలో ఆకుల సవ్వడికి 'మర్మర' ఉన్నాయి. కానీ ఇక్కడ జాగ్రత్త. 'ఒలొలూజ్దో'కి లాటిన్ 'ఉలులో', ఛాందోగ్యోపనిషత్తులో సూర్యోదయ వేళ లేచే 'ఉలూలు' ధ్వనులు తోడున్నాయి. అయినా గ్రీకు 'ఒ', మిగతావాటి 'ఉ' నియమం ప్రకారం కలవవు. అనుకరణ పదాలు చుట్టరికం లేకుండానే ఒకేలా ఉండగలవు, చుట్టరికం ఉన్నా నియమాలు తప్పగలవు. దీనికి మన ఇంట్లోనే ఉదాహరణ ఉంది. హోమర్ మేకల్ని 'మేకదెస్' అంటాడు, 'మే అని అరిచేవి' అని. ఏకవచనం 'మేకాస్'. తెలుగు 'మేక' పక్కన పెడితే ఒళ్లు ఝల్లుమంటుంది! కానీ దీన్ని పట్టుకుని గ్రీకు నుంచి తెలుగుకో, తెలుగు నుంచి గ్రీకుకో దారి వేయకూడదు. రెండు చోట్లా అరిచింది మేకే.

నాటి గ్రీకులకే ఈ విషయంపై వాదాలున్నాయి. ప్లేటో రాసిన 'క్రాటిలస్' అనే సంవాదంలో సోక్రటీస్ 'ర' కదలికకి, 'ల' నునుపుకి సరిపోతాయని చాలా ఓపికగా చెబుతాడు. కానీ దానికి ముందే ఒక గట్టి అడ్డు వేస్తాడు: శబ్దాన్ని అనుకరించడమే పేరు పెట్టడమైతే గొర్రెల్లా, కోళ్లలా అరిచేవాళ్లు వాటికి పేరు పెడుతున్నారని ఒప్పుకోవాలి. తర్వాత 'స్క్లేరొతేస్' (గట్టిదనం) అనే పదంలో నునుపుకి గుర్తైన 'ల' ఏం చేస్తోందని అడుగుతాడు. వేద పదాల వ్యుత్పత్తి చెప్పే మన యాస్కుడి నిరుక్తంలోనూ ఇదే గొడవ ఉంది. కాక అనే పేరు శబ్దానుకృతి అనీ, పక్షుల పేర్లలో ఇది ఎక్కువనీ ఆయన అంటాడు. అసలు శబ్దానుకృతి అనేదే లేదని ఔపమన్యవుడనే మరో పండితుడి మతమనీ చెబుతాడు. ఎక్కడో దూరాన ఉన్న రెండు సంప్రదాయాలు ఒకే ముడి దగ్గర ఆగడం నాకు ఎప్పుడూ ఆనందంగా ఉంటుంది. తర్వాత డయొనీసియస్ థ్రాక్స్ పేరుతో ఉన్న వ్యాకరణం వీటికి 'చేసిన పదాలు' అని విభాగమే పెట్టి, 'ఫ్లొఇస్బొస్' (అలల హోరు), 'రొఇజ్దొస్' (రివ్వుమనే శబ్దం) ఉదాహరణలిచ్చింది. భూగోళ రచయిత స్ట్రాబో 'బార్బరొస్' గురించి రాసింది మరింత పదునైనది. మాట తడబడేవాళ్లని, గరగరగా మాట్లాడేవాళ్లని ఎత్తిచూపే అనుకరణగా ఈ పదం పుట్టిందనీ, తర్వాత జాతి పేరుగా మారిందనీ ఆయన అభిప్రాయం. ఇలియడ్‌లో ఆసియా మైనర్‌లోని కారియా ప్రాంతం వాళ్లకి 'బర్బరొఫోనోన్' అన్న విశేషణం ఉంది, అక్కడ 'ఫోనోన్' గొంతుకి సంబంధించినదే కాబట్టి స్ట్రాబో మాట నాకు నమ్మదగినదిగా కనబడుతుంది.

ఈ పదాలు కాలంతో తమ శబ్దం పోగొట్టుకోవడం కూడా చూడాలి. హాస్య నాటకకర్త క్రటీనస్ పంక్తి ఒకటి మిగిలింది, ఒక మూర్ఖుడు గొర్రెలా 'బే బే' అంటూ నడుస్తున్నాడని. ఇవాళ్టి గ్రీకు ఉచ్చారణలో అదే రాత 'వీ వీ' అవుతుంది. ఏ గొర్రే అలా అరవదు. ప్రాచీన గ్రీకుని ఇప్పటి గ్రీకులా చదవాలా వద్దా అన్న పాత వివాదంలో (డచ్ పండితుడు ఎరాస్మస్ 1528లో దీనిపై గ్రంథం అచ్చువేశాడు) ఈ గొర్రె తిరుగులేని సాక్షి అయింది. కోకిల జాతి పిట్ట 'కొక్కుక్స్' కూడా అలాగే పాడైంది. ఏథెన్స్‌లో 'ఉ' ధ్వని 'ఇ' వైపు జరిగిపోవడంతో ఆ కూత చెడింది. నేటి గ్రీకులు ఆ పిట్టని 'కూకొస్' అంటారు, కూత మళ్లీ పేరులోకి వచ్చింది. పాత పేరు మాత్రం వైద్యంలో నిలిచింది: ముడ్డిపూస ఆ పిట్ట ముక్కులా వంగి ఉంటుందని దానికి కాక్సిక్స్ అని పేరు.

మిగిలింది మూడో దారి, అరువు. 'సూరింక్స్' (రెల్లు గొట్టాల పిల్లనగ్రోవి), 'సల్పింక్స్' (బాకా), 'ఫొర్మింక్స్' (తంత్రీవాద్యం) మూడూ వాద్యాలే, మూడూ మోగుతున్నట్టే ఉంటాయి. కానీ 'ఇంక్స్' అనే ముగింపు గ్రీకులకు ముందరి భాషదని బీకెస్ లాంటి పండితులు వాదించారు, ఆ వాదం నాకు బలంగానే కనబడుతుంది. వాద్యంతోపాటు పేరూ వచ్చి ఉంటుంది. ఇలాంటి పదం దగ్గర మీరు గ్రీకు పదాల వ్యుత్పత్తి చెప్పే శాంట్రెన్ నిఘంటువు (1968-80), బీకెస్ నిఘంటువు (2010) రెండూ పక్కపక్కన తెరవండి. శాంట్రెన్ అనుకరణ అని రాసిన కొన్ని చోట్ల బీకెస్ గ్రీకు పూర్వ భాష అంటాడు. ఎవరో ఒకరి మాట తీసుకునే ముందు ఆ పదం మొదటి హల్లుని, ముగింపుని, హోమర్‌లోని పాత రూపాన్ని మీరే ఒకసారి చూడండి. మొదలుపెట్టడానికి ఇలియడ్ 4వ సర్గ చాలు, 125వ పంక్తి దగ్గర విల్లు, 435వ పంక్తి దగ్గర గొర్రెలు ఉన్నాయి.